బైండరుకి పిల్లల్లేరు

అతనికి ఇంగ్లీషు పుస్తకాల గురించి తెలియంది లేదు, ఒక్క ఇంగ్లీషు తప్ప. ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాలు బైండింగు చేస్తున్నాడు మరి. వెన్ను విరిగి, పేజీలు ఊడి, గుడ్డలో మూటగట్టి తెచ్చిన పుస్తకాన్ని కూడా అంకెల వరస చూసి పేర్చి, సూదీ దారంతో కుట్టి, వెన్నుకి జిగురు పట్టించి, అట్ట వేసి, రెండు చెక్కల మధ్య బిగించి, మర్నాటికి పెళ్ళికొడుకులా నిలబెట్టేవాడు. జానెడు మందం డిక్షనరీలు అతని చేతిలో ఎన్ని పడ్డాయో లెక్కలేదు. తేనె తీసినవాడు చెయ్యి నాకకుండా ఉంటాడా అంటారు. ఇతను ముప్ఫై ఏళ్ళూ నాకలేదు. అక్షరాలు తెలుసు, అంకెలు తెలుసు, పుస్తకానికి తల ఎటో కాళ్ళెటో తెలుసు. లోపల ఏముందో మాత్రం తెలియదు.

అందరూ అతన్ని బైండరుగారనే పిలిచేవాళ్ళు. మనమూ బైండరనే అనుకుందాం.

భార్య పోయి నాలుగేళ్ళయింది. ఉన్నది ఒక్కతే కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం. ఇల్లంటే పొడుగాటి గది ఒకటి. ముందు సగం పని, వెనక సగం కాపురం, మధ్యలో ఒక కర్టెను. ముందు సగంలో కాగితాల కట్టలు, జిగురు గిన్నె, ఇనుప బిగింపు. వెనక సగంలో రెండు మంచాలు, పొయ్యి, అమ్మాయి పుస్తకాల బల్ల. చిన్నప్పుడు జిగురు గిన్నె పక్కన కూర్చుని గంటలకొద్దీ వాగిన పిల్ల అది. దాని నోట్లో నువ్వుగింజ నానేది కాదు. కాలేజీలో చేరాక మాట కురచయిపోయింది. "తిన్నావా" అంటే "ఊ". "కాలేజీ ఎలా ఉంది" అంటే "బానే ఉంది". అదే పిల్ల కర్టెను అవతల ఫోను పట్టుకుంటే స్నేహితురాళ్ళతో సగం ఇంగ్లీషులో గలగలా మాట్లాడేది, పడీపడీ నవ్వేది. ఇవతల కాగితాలు మడతపెట్టుకుంటూ ఆ నవ్వు వినేవాడు బైండరు. ఎందుకు నవ్వుతోందో తెలిసేది కాదు.

ఆలోచించీ ఆలోచించీ ఒకటి తేల్చుకున్నాడు. తప్పు పిల్లది కాదు, తనదీ కాదు, భాషది. అమ్మాయి ఇంగ్లీషులోకి కాపురం మార్చేసింది, తాను ఇవతలే ఉండిపోయాడు. తప్పు ఎవరి మీదికి నెట్టాలో తెలియనప్పుడు భాష మీదికి నెట్టడం సుఖం, అది ఎదురు మాట్లాడదు. ఇంగ్లీషు నేర్చుకుంటే పిల్ల మళ్ళీ తనతో మాట్లాడుతుంది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఆ మనిషికి కావలసింది అదొక్కటే. ఇల్లు వద్దు, వాకిలి వద్దు, పిల్ల తనతో మాట్లాడాలి.

అమ్మాయి చదివే కాలేజీలోనే సాయంత్రం ఐదింటి నుంచి మాట్లాడే ఇంగ్లీషు క్లాసు పెట్టారు. పన్నెండు వారాలు. బయటివాళ్ళెవరైనా చేరొచ్చు. లైబ్రరీకి బైండింగు చేసిన పుస్తకాలు అప్పజెప్పడానికి వెళ్ళినప్పుడు ఆ సంగతి విని, లైబ్రేరియన్ చేతే ఫారం నింపించి, కింద సంతకం పెట్టేశాడు. కూతురికి చెప్పలేదు. పన్నెండు వారాలయ్యాక ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసు అందిస్తూ ఇంగ్లీషులో పలకరించి పిల్లని నిలువునా ఆశ్చర్యపరుద్దామని అతని సరదా. పాపం, జీవితంలో పెద్దగా సరదాలు చేసుకున్న మనిషి కాదు.

మొదటిరోజు చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు. అయినా గోళ్ళ అంచుల్లో ఎండిన జిగురు పోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త నోటుపుస్తకం, తన చేత్తో కుట్టిందే, చంకలో పెట్టుకుని క్లాసుగది గుమ్మంలో నిలబడ్డాడు. లోపల పాతికమంది దాకా ఉన్నారు. ఒక టాక్సీ డ్రైవరు, ఇద్దరు నర్సులు, ఒక వడ్రంగి, ఒక కొత్త పెళ్ళికూతురు. మిగతా సగం కాలేజీ పిల్లలే. మొదటి ఏడు మాట్లాడే పరీక్షలో తప్పినవాళ్ళకి ఈ క్లాసు తప్పనిసరట. ఆ తప్పినవాళ్ళలో, కిటికీ పక్క మూడో బెంచీలో, అతని కూతురు కూర్చుని ఉంది. అన్నిట్లో ఫస్టు క్లాసు వచ్చిందని చెప్పిన కూతురు.

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా కిమ్మనలేదు. అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. దాని పక్కన ఒక కళ్ళజోడు పిల్ల, ప్రాణస్నేహితురాలిలా ఉంది, చెవిలో ఏదో చెప్పి నవ్వుతోంది. బైండరు వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు.

లెక్చరరమ్మ మనిషి చిన్నదే గాని గొంతు పెద్దది. ఒక్కొక్కరినీ లేపి తమ గురించి నాలుగు ముక్కలు చెప్పమంది. బైండరు వంతు వచ్చింది. పేరు చెప్పాడు. పని చెప్పాడు. "వైఫ్ నో" అన్నాడు. ఆవిడ మెల్లగా, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది: "చిల్డ్రన్? పిల్లలున్నారా?"

అతను కూతురి వైపు చూశాడు. అది రెప్ప వెయ్యకుండా ఇతన్నే చూస్తోంది. చెప్పొద్దు నాన్నా, చెప్పొద్దు అని ఆ కళ్ళు మొత్తుకుంటున్నాయి. పరీక్ష తప్పిన సంగతి ఇలా బయటపడ్డందుకు పిల్ల సిగ్గుతో చచ్చిపోతోందనుకున్నాడు బైండరు. పైగా జిగురు గోళ్ళ తండ్రి వచ్చి అదే క్లాసులో కూర్చున్నాడాయె. ఆ ఒక్క క్షణంలో, తన జన్మలో ఇంత తెలివైన పని చెయ్యలేదనుకుంటూ, అన్నాడు:

"నో చిల్డ్రన్, మేడం."

నర్సుల్లో ఒకావిడ అయ్యో అంది. మూడో బెంచీలో అమ్మాయి తల దించుకుంది. మీరూ నేనూ అయితే ఆ మాట అంత తేలిగ్గా అనలేకపోయేవాళ్ళం. పిల్ల కోసం ప్రాణమిచ్చే మనిషి కాబట్టే పిల్లే లేదని అనగలిగాడు.

క్లాసయ్యాక బస్‌స్టాపులో, స్నేహితురాలు వెళ్ళిపోయిందని చూసుకుని, అమ్మాయి పక్కకొచ్చి నిలబడింది.

"నువ్వేంటి నాన్నా ఇక్కడ?"

"నువ్వేంటమ్మా ఇక్కడ? ఫస్టు క్లాసన్నావుగా?"

"మిగతావన్నీ వచ్చాయి. ఈ మాట్లాడే పరీక్ష పోయింది. ఇప్పుడు కూడా గట్టెక్కకపోతే పై క్లాసుకి రానివ్వరు, ఏడాది పోతుంది. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు."

"మరి ఫోనులో టకటకా మాట్లాడతావు?"

"అవి వచ్చిన నాలుగు ముక్కలే నాన్నా, తిప్పి తిప్పి వాడతాను." స్నేహితురాలు వెళ్ళిన వైపు ఓసారి చూసుకుంది. "క్లాసులో మనం ఎవరికెవరో తెలియనట్టే ఉందాం. ఏమనుకోకు. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకే క్లాసంటే నవ్వుతారు."

"ఆ ఏర్పాటు నేను ముందే చేసేశాగా! నాకు పిల్లలే లేరు." అని పకపకా నవ్వాడు బైండరు. అమ్మాయి కూడా నవ్వింది. అతనితో కలిసి అది నవ్వి ఏడాది దాటింది. ఇంగ్లీషు క్లాసు మొదటిరోజే ఫలించిందనుకున్నాడు.

నిజంగానే ఫలించింది. ఆ పన్నెండు వారాలూ అతని బతుకులో మంచి రోజులు. కర్టెను ఒక పక్కకి లాగేశారు. సాయంత్రం క్లాసు నుంచి రాగానే అతను కాగితాలు మడతపెట్టేవాడు, అమ్మాయి ఎదురుగా కూర్చుని పాఠం చెప్పేది. పరీక్షకి పది ప్రశ్నలుండే కాగితం ఒకటిచ్చారు. నీ పేరేమిటి, నీకేమిష్టం, మీ నాన్నగారేం చేస్తారు, మీకు పిల్లలున్నారా, ఇలాంటివి. ఎవరు ఏ జవాబు చెప్పినా దానికి తగ్గట్టు అవతలివాళ్ళు ఒక మాట అనాలి. సంతోషమైతే సంతోషమని, విచారమైతే విచారమని. తర్వాత ఇంకో ప్రశ్న వెయ్యాలి. బైండరు ఆ పదిట్లో మీ నాన్నగారేం చేస్తారన్న దాని మీద మరీ మనసు పారేసుకున్నాడు.

"వాట్ ఈజ్ యువర్ ఫాదర్?"

"మై ఫాదర్ ఈజ్ ఎ బుక్ బైండర్."

"సరిగ్గా వినపళ్ళేదు. మళ్ళీ."

"నాన్నా, ఇది ఆరోసారి!"

"ఏం చెయ్యమంటావమ్మా, నాది మట్టిబుర్ర. మళ్ళీ చెప్పు."

అన్నం తినేటప్పుడు తెలుగు మాట్లాడకూడదని రూలు పెట్టాడు. మాట్లాడినవాళ్ళు గిన్నెలు కడగాలి. వారంలో ఐదు రోజులు గిన్నెలు అతనే కడిగేవాడు. క్లాసులో మాత్రం ఒప్పందం ఒప్పందమే. ఎదురుపడితే "ఎక్స్‌క్యూజ్ మీ, మేడం" అని కూతురికి దారి ఇచ్చేవాడు. అమ్మాయి నవ్వాపుకోలేక పెదవి కొరుక్కునేది. ఇంటికొచ్చాక ఇద్దరూ దాన్ని మళ్ళీ నటించి చూపించుకుని నవ్వుకునేవాళ్ళు. అతనికి అదొక ఆటగా ఉండేది. పిల్లతో ఆడుకుని ఎన్నేళ్ళయింది!

ఆ కళ్ళజోడు పిల్ల కూడా మంచిది. బైండరు పక్కన కూర్చుని తప్పులు దిద్దేది, అంకుల్ అంకుల్ అంటూ తిరిగేది. ఒకరోజు పాఠంలో తండ్రి కూతురికి రాసిన ఉత్తరం వచ్చింది. లెక్చరరమ్మ చదువుతుంటే కళ్ళజోడు పిల్ల తన స్నేహితురాలి భుజం చుట్టూ చెయ్యి వేసింది. వెనక బెంచీ నుంచి బైండరు చూశాడు. ఈ కాలం పిల్లల స్నేహాలు బాగుంటాయి అనుకున్నాడు.

తొమ్మిదో వారంలో లైబ్రరీ పుస్తకాలు అప్పజెప్పాల్సి వచ్చింది. మధ్యాహ్నం తోపుడుబండి మీద నలభై పుస్తకాలు పేర్చుకుని కాలేజీకి తోసుకెళ్ళాడు. మెట్ల దగ్గర అమ్మాయి, కళ్ళజోడు పిల్ల, ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. "అంకుల్!" అంటూ కళ్ళజోడు పిల్ల పరుగెత్తుకొచ్చి రెండు పుస్తకాలు అందుకుంది. అమ్మాయి వెనక్కి తిరిగి నోటీసు బోర్డు చదువుతోంది. ఆ బోర్డు మీద ఆవేళ ఒక్క కాగితమూ లేదు. బైండరు అది చూశాడు. ఆట కదా అని సర్దుకుని, పుస్తకాలు మోసుకుంటూ మెట్లెక్కాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అతనే కదిపాడు, ఇంగ్లీషులో, చెయ్యి ఊపుతూ. "యూ వెరీ గుడ్ యాక్టింగ్!"

అమ్మాయి నవ్వలేదు. కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చుంది. కాసేపటికి, "నాన్నా, నీకో మాట చెప్పాలి" అంది.

"ఇంగ్లీష్, ఇంగ్లీష్!" అన్నాడు బైండరు వేలు ఆడిస్తూ. "రూలంటే రూలే. లేకపోతే గిన్నెలు నీవే."

అమ్మాయి నోరు తెరిచింది. "ఐ... ఐ టోల్డ్..." అంది. ఆగింది. ఇంకోసారి "ఐ టోల్డ్" అంది. కళ్ళు కంచం మీదికి వాలిపోయాయి. "నథింగ్" అని లేచిపోయింది.

"వెరీ గుడ్" అన్నాడు అతను. తెలుగు ముక్క రాలేదుగా!

ఆ రూలుని, ఆ రూలు పెట్టిన పూటని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పాలనుకున్న పిల్ల నోరు మూయించింది తండ్రే, అదీ మురిసిపోతూ. సంతోషంలో ఉన్న మనిషికి చెవులు సరిగ్గా పనిచెయ్యవు కాబోలు.

పరీక్షరోజు వేరే కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు మార్కులు వెయ్యడానికి. పద్ధతి చెప్పారు. చాక్‌పీసుల డబ్బాలో నంబర్ల చీటీలు వేసి జతలు తీస్తారు. జతగా వచ్చిన ఇద్దరూ అందరి ముందూ నిలబడి ఐదు నిమిషాలు ఒకరినొకరు ప్రశ్నించుకోవాలి. మార్కులు ఇద్దరికీ కలిపే. మధ్యలో ఎవరు తెలుగు మాట్లాడినా, ఎవరు ఆగిపోయినా, ఇద్దరూ తప్పినట్టే. తప్పితే బైండరుకి పోయేదేమీ లేదు, మళ్ళీ వెళ్ళి జిగురు కలుపుకుంటాడు. అమ్మాయికి ఏడాది పోతుంది.

మూడో జత చీటీలు తీశారు. ఒకటి అతని నంబరు. రెండోది కూతురిది.

అంతమందిలో ఎవరికీ తెలియని సంబరం ఒకటి బైండరు లోపల చిందులేసింది. ఇంట్లో వందసార్లు చేసిన పనే. ఇక పిల్ల పాసయినట్టే. కళ్ళజోడు పిల్ల ముందు బెంచీలోంచి ఇద్దరికీ బొటనవేలు చూపించింది. నిలబడ్డారు. పెద్దాయన గడియారం చూసుకుని తల ఊపాడు.

పేరడిగాడు, చెప్పింది. ఏమిష్టమని అడిగాడు, సంగీతం వినడం అంది. బాగుందన్నాడు. మూడో ప్రశ్నగా కాగితంలోంచి ఏదైనా అడగొచ్చు. ఏ ఊరని అడగొచ్చు, ఏం చదువుతున్నావని అడగొచ్చు. అతను తన ఇష్టమైన ప్రశ్న తీశాడు. ఒకటి, పిల్లకి అది నిద్రలో లేపినా వచ్చు. రెండోది, అతని స్వార్థం. ఇంట్లో విన్న ఆ మాట ఈ గదిలో, ఇంతమంది ముందు, ఒక్కసారి వినాలి. బైండర్లు లోకంలో ఎంతమంది లేరు, ఎవరికి తెలుస్తుంది?

"వాట్ ఈజ్ యువర్ ఫాదర్?"

అమ్మాయి మొహం పాలిపోయింది. అతన్ని చూసింది. ముందు బెంచీలో కళ్ళజోడు పిల్లని చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. తర్వాత నేల వైపు చూస్తూ, తప్పుల్లేకుండా చెప్పింది.

"మై ఫాదర్ ఈజ్ నో మోర్."

పిల్ల కంగారులో తప్పు చెప్పిందనుకున్నాడు ముందు. సరిచెయ్యడానికి చిన్నగా నవ్వబోయాడు కూడా. ఆ మాటకి అర్థం అతనికి బాగానే తెలుసు. నాలుగో వారంలో నర్సు తన ఆస్పత్రి గురించి చెబుతూ వాడితే నోటుపుస్తకంలో రాసుకున్నాడు, ఇక లేరు అని. అప్పుడు అతని చూపు కళ్ళజోడు పిల్ల మీద పడింది. ఆ పిల్ల కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటోంది. ఆశ్చర్యపోయి కాదు, ఎప్పుడో తెలిసిన సంగతికి మళ్ళీ బాధపడుతోంది.

అప్పుడర్థమైంది బైండరుకి. ఇది ఇవాళ కంగారులో వచ్చిన మాట కాదు. ఈ కాలేజీలో తాను ఎప్పుడో చచ్చిపోయాడు. చచ్చిపోయి కూడా బండి తోసుకుంటూ వస్తూనే ఉన్నాడు. భుజం మీద చెయ్యి, నోటీసు బోర్డు, అన్నం దగ్గర ఆగిపోయిన మాట, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి.

"యెస్?" అన్నాడు పెద్దాయన. కలం గాల్లో ఉంది. కాగితం మీద ఇద్దరి నంబర్లూ పక్కపక్కనే ఉన్నాయి.

తెలుగులో ఒక్క మాట చాలు. నేనేనమ్మా మీ నాన్నని. ఆ మాట అంటే నిజం బయటపడుతుంది, పిల్ల ఏడాది పోతుంది, పిల్ల పరువు పోతుంది. అతను గొంతు సవరించుకున్నాడు. కాగితంలో విచారమైన జవాబుకి ఏమనాలో రాసి ఉంది. ఆ వాక్యాన్ని, పన్నెండు వారాల్లో ఎప్పుడూ పలకనంత శుభ్రంగా, పలికాడు.

"ఐ యామ్ సారీ టు హియర్ దట్."

లెక్చరరమ్మ పక్కన నిలబడి గర్వంగా తల ఊపింది. ఇక దాని మీద ఇంకో ప్రశ్న వెయ్యాలి. ఏం వెయ్యాలి? పోయిన మనిషి గురించి ఏం అడుగుతారు? అతనికి ఒక్కటే తోచింది.

"వాజ్ హి ఎ గుడ్ మ్యాన్?"

అమ్మాయి "యెస్" అంది. "వెరీ గుడ్." మళ్ళీ ఇంకోసారి, కాగితంలో లేకపోయినా, ఎవరూ అడక్కపోయినా, "వెరీ గుడ్ మ్యాన్" అంది. కన్నీళ్ళు జారిపోతున్నాయి. పెద్దాయన కలం పక్కన పెట్టి వింటున్నాడు.

ఇక ప్రశ్నించే వంతు అమ్మాయిది. పది ప్రశ్నల్లో ఏదైనా అడగొచ్చు దానికీ. తలెత్తి, నేరుగా అతని కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"డూ యూ హ్యావ్ చిల్డ్రన్?"

ఆ చూపులో ఏముందో అతనికి తెలియలేదు. చెప్పెయ్యి నాన్నా, నావల్ల కావడం లేదు, నువ్వు చెప్పెయ్యి అని ఉందా? మొదటిరోజులాగే కాపాడమని ఉందా? ఒక క్షణం కంటే టైము లేదు. మొదటిరోజు ఆ కళ్ళని ఎలా చదివాడో ఇవాళా అలాగే చదివాడు. సరిగ్గా చదివాడో లేదో అతనికి ఈనాటికీ తెలియదు. అవునని ఒక్క ముక్క అని ఉంటే ఏమయ్యేదో అని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో.

"నో" అన్నాడు. "నో చిల్డ్రన్."

"ఐ యామ్ సారీ" అంది అమ్మాయి. అక్కడితో ఆగిపోయింది. మిగతా ముక్కలు రాలేదు. సరిగ్గా అప్పుడే టైమయిపోయిందని పెద్దాయన చెయ్యెత్తాడు. ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి ఇద్దరికీ. వాక్యం పూర్తి చెయ్యలేదని ఒక మార్కు తగ్గించారట. ఇంత సహజంగా మాట్లాడిన జతని ఈ మధ్య చూడలేదని కూడా ఆయన అన్నాడట.

బైండరు వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇంతలో కళ్ళజోడు పిల్ల స్నేహితురాలి చెయ్యి పట్టుకుని లాక్కుంటూ వచ్చింది.

"అంకుల్, మీకెలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. దీనికి వాళ్ళ నాన్నంటే ప్రాణం. ఎప్పుడూ ఆయన మాట ఎత్తదు, ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది. ఇవాళ మొదటిసారి అందరి ముందూ ఆయన గురించి మాట్లాడింది. మీరు అంత బాగా అడిగారు కాబట్టే. నాకైతే ఏడుపాగలేదు."

"ఊరుకోవే" అంది అమ్మాయి.

"నువ్వుండు. అంకుల్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకూ పిల్లల్లేరన్నారు. దీనికీ నాన్న లేరు. ఎప్పుడైనా లైబ్రరీకి వచ్చినప్పుడు దీన్ని ఒకసారి పలకరించి వెళ్ళండి. తండ్రిలాంటివారు. మీరు పలకరిస్తే దానికి ధైర్యంగా ఉంటుంది."

బైండరు కూతురి వైపు చూశాడు. వరండాలో ముగ్గురే ఉన్నారు. పరీక్ష అయిపోయింది, మార్కులు పడ్డాయి, ఇక ఎవరూ ఎవరినీ ఏ క్లాసులోనూ ఆపలేరు. తెలుగులో ఎంత సేపైనా మాట్లాడుకోవచ్చు. అతను ఆగాడు. నాన్నా అన్న రెండక్షరాల కోసం ఆగాడు. బిగింపులో పెట్టిన పుస్తకం జిగురు ఆరే దాకా కదపకుండా కూర్చోవడం అతనికి అలవాటే. చాలాసేపు ఆగాడు.

"ఆయన్ని ఇబ్బంది పెట్టకే" అంది అమ్మాయి నేల చూస్తూ. "ఆయన పనులు ఆయనకుంటాయి."

"ఇబ్బందేముందమ్మా" అన్నాడు బైండరు. చెయ్యి దాని తల దాకా తీసుకెళ్ళి, గోళ్ళ అంచులు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. "బాగా చదువుకో. మీ నాన్న ఎక్కడున్నా సంతోషిస్తాడు."

అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక అమ్మాయి ఏదీ దాచలేదు. గుమ్మంలోనే కూలబడి, ఏడుస్తూ, తెలుగులో అంతా చెప్పింది. మొదటి ఏడు, కాలేజీలో చేరిన నెలలో, అతను బండి తోసుకుంటూ వచ్చాడట. ఆ చొక్కా మీది జిగురు మరకలు చూసి ఎవరో నవ్వారట. నీకు తెలుసా అతను అంటే తెలియదందట. మరి మీ నాన్నేం చేస్తారని కళ్ళజోడు పిల్ల మామూలుగానే అడిగిందట. "నోట్లోంచి వచ్చేసింది. అది నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను. చెబుదామనుకున్నాను. ఎన్నోసార్లు అనుకున్నాను."

"పోనీలే. లే. అన్నం తిను" అన్నాడు బైండరు. మనసులో ఏమీ పెట్టుకోలేదు. నిజంగానే పెట్టుకోలేదు. పిల్లల్లేరని తనూ అన్నాడు కదా, దాన్ని ఏ నోటితో అంటాడు? పైగా పంతొమ్మిది వచ్చాయి. పిల్ల పై క్లాసుకి వెళ్ళింది.

అతను క్షమించాడు గానీ, అది తనని క్షమించుకోలేదు. ఆ రోజు నుంచి దాని నోటికి నాన్నా అన్న పిలుపు రావడం లేదు. కోపం కాదు, ఇంట్లో అన్ని పనులూ చేస్తుంది, అతని చొక్కాలు తనే ఉతుకుతుంది, జిగురు కలిపి పెడుతుంది. మాట్లాడుతుంది కూడా, తెలుగులోనే. పిలవాల్సి వచ్చేసరికి మాత్రం గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. ఒకసారి "నా" అని ఆగిపోయి, నీళ్ళు కావాలన్నట్టు చెంబు అందుకోవడం అతను చూశాడు. ఇప్పుడు కర్టెను దగ్గర నిలబడి, గాలితో చెప్పినట్టు, "అన్నం వడ్డించాను" అంటుంది.

అతను పని ఆపి, "వస్తున్నానమ్మా" అని లేస్తాడు. పిలవకపోయినా పలుకుతాడు.